మే నెల బిల్లు చూసి 5 కిలోవాట్ల సోలార్ పెట్టించాలా?

ప్రశ్న: గుంటూరు గోరంట్లలో గత ఏడాది ఒక ఇండిపెండెంట్ ఇల్లు కొన్నాం. పాత ఇల్లే, పైన డాబా. హోమ్ లోన్ ఈఎంఐ 36,000, ఇంటి ఖర్చులు ఇంకో 34,000. మే నెలలో 520 యూనిట్లు కాలి బిల్లు 4,500 దాటింది. చలికాలంలో 220 యూనిట్లకు మించదు. సోలార్ వాళ్లు వచ్చి 5 కిలోవాట్లకు 3,10,000 అన్నారు. నాలుగు లక్షల ఎఫ్‌డీ ఉంది, అది తీసి పెట్టిద్దామా? మావారు మాత్రం ముందు పాత ఏసీ తీసేసి ఫైవ్ స్టార్ కొందామంటున్నారు. సంక్రాంతికి చీటీ డబ్బు 1,50,000 చేతికొస్తుంది.

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లకండమ్మా. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపితే నెలకు 70,000. ఒక జీతం ఆగినా, ఎవరైనా ఆస్పత్రిలో చేరినా ఆరు నెలలు నెట్టుకురావడానికి మీకున్నది ఆ నాలుగు లక్షలే. కొత్తగా ఇల్లు కొన్నవాళ్ల చేతిలో మామూలుగా ఆ మాత్రం కూడా మిగలదు. మీరు మిగుల్చుకున్నారు, దాన్ని తీసుకెళ్లి డాబా మీద పెట్టొద్దు.

ఇక సోలార్ సంగతి. మన దగ్గర ఇళ్లకు ప్రస్తుతం మొదటి 30 యూనిట్లకు 1.90, ఆ తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75 చొప్పున పడుతుంది. మీరు ఆదా చేసే ప్రతి యూనిట్ పైనుంచి కిందికి తగ్గుతూ వస్తుంది. అంటే మేలో మీరు తగ్గించే మొదటి 120 యూనిట్ల విలువ ఒక్కొక్కటి 9.75. అదే డిసెంబరులో తగ్గిస్తే 6 రూపాయలే. సోలార్ అమ్మేవాళ్లు మే బిల్లు పట్టుకుని పన్నెండు నెలలకు గుణించి చూపిస్తారు. బేరం బాగానే కనిపిస్తుంది, ఎందుకు కనిపించదు!

కిలోవాట్‌కు నెలకు సుమారు 120 యూనిట్లు వస్తాయి. 5 కిలోవాట్లంటే 600. రోహిణి కార్తెలో కూడా మీరు అంత వాడరు. మిగిలిన కరెంటుకు డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఇచ్చే ధర మీరు ఎండాకాలంలో కట్టే ధర కన్నా బాగా తక్కువ. పైగా ఇంటి సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000. మొత్తం 78,000 దగ్గర ఆగిపోతుంది. నాలుగు, అయిదు కిలోవాట్లకు పూర్తి డబ్బు మీదే.

నా లెక్కలో మీకు 2 కిలోవాట్లు చాలు. కానీ దానికి ముందు వాడకం కొంచెం దించాలి. మీ పడకగదులు డాబా కిందే కాబట్టి పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి పదకొండింటికి కూడా వేడి వదులుతూనే ఉంటుంది, ఏసీ దానితో పోరాడుతుంది. ఫిబ్రవరిలో డాబాకు తెల్ల సున్నం కొట్టించండి. కొద్ది వేలల్లో అయిపోతుంది, వానలకు పోతుంది కాబట్టి ఏటా కొట్టించాలి. అంత ఓపిక లేకపోతే ఎండను తిప్పికొట్టే తెల్ల రూఫ్ కోటింగ్ ఉంది, ఖరీదు ఎక్కువే గానీ కొన్నేళ్లు ఉంటుంది. పడమటి కిటికీలకు బయటివైపు సన్‌షేడ్ గానీ, గ్రీన్ మ్యాట్ గానీ కట్టించండి. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా అద్దం దాటి వచ్చిన వేడి గదిలోనే ఉంటుంది.

ఫ్యాన్లలో హాల్లోదీ, మీ పడకగదిలోదీ మార్చండి. పాతవి 75 వాట్లు లాగుతాయి, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 దాకా. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాన్ నెలకు 20 యూనిట్లు మిగులుస్తుంది, ఎండాకాలం రేటులో 175 రూపాయల పైమాటే. మూడు వేల ఫ్యాన్ రెండేళ్లలోపే డబ్బు తిరిగిచ్చేస్తుంది. చుట్టాలొచ్చినప్పుడే తిరిగే గదిలో ఫ్యాన్ మార్చడం మాత్రం దండగ. ఏసీని 24 దగ్గర పెట్టి పైన ఫ్యాన్ వేసుకుంటే సరిపోతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు తగ్గుతుందని స్టార్ లేబుళ్లు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఈఈ చెప్పే లెక్క.

వీటితో మే వాడకం 450కి, చలికాలంలో 190కి దిగిందనుకుందాం. అప్పుడు 2 కిలోవాట్లు నెలకు 240 యూనిట్లు ఇస్తే మేలో 2,100, మధ్యస్థంగా వాడే నెలల్లో 1,400, చలికాలంలో 800 చొప్పున, ఏడాదికి 17,000 దాకా మిగులుతుంది. కొటేషన్ 1,40,000 వచ్చి, సబ్సిడీ 60,000 పోతే మీ చేతి ఖర్చు 80,000. అయిదేళ్లలోపు తిరిగొస్తుంది. మూడో కిలోవాట్ వేస్తే ఏడాదికి అదనంగా కలిసొచ్చేది మూడు వేల రూపాయల చుట్టుపక్కలే. మిగులు యూనిట్ల సర్దుబాటు వల్ల ఇది కాస్త పెరగొచ్చు, అయినా దాని మీద 40,000 పెట్టేంత కాదు. రేపు పైన ఒక పోర్షన్ కట్టినా, కరెంటు స్కూటర్ కొన్నా అప్పుడు ఆలోచిద్దాం.

డబ్బు ఎక్కడిదంటారా, చీటీ డబ్బు ఉంది కదా. సబ్సిడీ ముందుగా రాదు. ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ (మీరు వాడిన కరెంటు, బయటికి పంపిన కరెంటు రెండూ లెక్కించే మీటరు) పెట్టి, డిస్కం తనిఖీ అయ్యాక మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. కాబట్టి మొత్తం ముందు మీరే కట్టాలి, 1,50,000తో అది జరిగిపోతుంది. ఆ 60,000 వెనక్కి రాగానే హోమ్ లోన్ అసలులో కట్టేయండి. ఫ్లోటింగ్ రేటు లోనుకు ముందస్తు చెల్లింపు మీద జరిమానా ఉండదు. కొత్త పన్ను విధానంలో ఉంటే, మీరే ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపు కూడా లేదు. కాబట్టి అసలు తగ్గించుకోవడమే లాభం.

ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. కరెంటు సర్వీసు ఇంకా అమ్మినవాళ్ల పేరు మీదే ఉందేమో బిల్లు తీసి చూడండి. ఉంటే రిజిస్ట్రేషన్ కాగితాలతో మీ ప్రాంతపు డిస్కం ఏపీసీపీడీసీఎల్‌లో పేరు మార్పించుకోండి. సబ్సిడీ దరఖాస్తు సర్వీసు నంబరు మీద నడుస్తుంది, పేరు తేడా ఉంటే అక్కడే చిక్కుకుంటుంది. డాబా ఎక్కడైనా కారుతుంటే ప్యానెళ్లకు ముందే వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి, స్టాండ్లు బిగించాక కింద పని చేయించడం నరకం. తుపాను గాలులు మనకు కొత్త కాదు కాబట్టి స్టాండు గురించి గట్టిగా అడగండి. కరెంటు పోయినప్పుడు ఈ సోలార్ పనిచేయదు, లైన్‌మన్ భద్రత కోసం అది కూడా ఆగిపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ ఖర్చు తప్పుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మీవారి ఏసీ విషయం. మీరు ఏడాదిలో నాలుగు నెలలు, రాత్రికి ఎనిమిది గంటల చొప్పున వేస్తారనుకుంటే కొత్త ఫైవ్ స్టార్ ఏటా నాలుగు వేల చిల్లర మిగులుస్తుంది. నలభై వేల పైచిలుకు పెట్టినదానికి అది పదేళ్ల మాట. సర్వీసింగ్ చేయించి వాడుకోండి, కంప్రెసర్ పోయిన రోజున కొనండి. అప్పుడు కూడా స్టార్లు లెక్కపెట్టడం కన్నా లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లని రాశారో చూడండి. అది 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క, మీరు వేసేది వెయ్యి గంటల లోపే.