కొక్కెం జారని క్రేను చేసినవాడిని ఏ బ్రాంచిలో చేర్చాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం గాజువాక. ఉక్కు కర్మాగారంలో మెకానికల్ మెయింటెనెన్స్‌లో పనిచేసి ఈమధ్యే ముందస్తు విరమణ తీసుకున్నాను. అప్పుడు చేతికి వచ్చిన సొమ్ము తప్ప వేరే ఆధారం లేదు. అమ్మాయి పెళ్లి ఇంకా ఉంది. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ, మార్కులు ఫర్వాలేదు. చిన్నప్పటి నుంచి లెగో ముక్కల పిచ్చి. ఇప్పుడు వాటికి మోటార్లు బిగించి కదిలే క్రేన్లు, లారీలు చేస్తున్నాడు. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు తన ఆఫీసులో పెట్టుకోవడానికి క్రేను చేయించుకుని 15,000 రూపాయలు ఇచ్చాడు. కొక్కెం ఎక్కడ ఆపితే అక్కడే నిలబడుతోందని మురిసిపోయాడట. ముక్కలకు 8,500 అయింది, రెండు నెలలు పట్టింది. అప్పటి నుంచి ఇదే వ్యాపారం చేస్తాను, మూడు లక్షలు పెట్టుబడి ఇవ్వమంటున్నాడు. చదివితే రోబోటిక్సే చదువుతానంటాడు. నేను సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) అంటున్నాను. మొన్న కోపం ఆపుకోలేక, వాడు సగం కట్టినదాన్ని విప్పేసి సంచిలో పోశాను. మాట్లాడటం మానేశాడు. మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. బంధువులకు ఏం చెప్పుకోవాలో తెలియడం లేదని మా ఆవిడ బాధ.

జవాబు: ఏటా ఇంటర్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే నాకు ఇలాంటి ఉత్తరాలే వస్తాయి. ఒక ఇంట్లో కెమెరా, ఇంకో ఇంట్లో క్రికెట్ కిట్టు, మీ ఇంట్లో ప్లాస్టిక్ ముక్కలు. అడిగేది మాత్రం ఒకటే. పోలిక అడిగారు, చేస్తాను. అయితే మీకు నిద్ర పట్టనివ్వనిది బ్రాంచి కాదు, బ్యాంకులో ఉన్న ఆ సొమ్ము. అది ఒక్కసారే వచ్చింది, మళ్లీ రాదు. 2021 జనవరిలో కర్మాగారాన్ని ప్రైవేటుకు ఇచ్చేయాలన్న నిర్ణయం వెలువడినప్పటి నుంచి గాజువాకలో, ఉక్కునగరంలో ఎన్ని ఇళ్లలో ఈ బెంగ తిష్ఠ వేసిందో నాకు తెలుసు. జీవితాంతం ఉంటుందనుకున్న ఉద్యోగమే అంతగా ఊగింది కాబట్టి కొడుకుకైనా గట్టి నేల దొరకాలని మీ ఆరాటం. అందులో తప్పేమీ లేదు. అందుకే ముందు దానికే జవాబు: మూడు లక్షలు ఇవ్వకండి. లక్ష కూడా ఇవ్వకండి. ఈ మాట నేను అన్నానని చెప్పండి, కోపమేదో నా మీదే పడనివ్వండి.

ఇక మీ వంతు. ఆ సంచిలో ఏం పోశారో తెలుసా మీకు? ఇంకెవరికి తెలియకపోయినా మీకు తెలియాలి. ఉద్యోగమంతా గేర్‌బాక్సుల మధ్య గడిపిన మనిషి మీరు. కొక్కెం ఎక్కడ ఆపితే అక్కడ ఎందుకు నిలిచిందని అబ్బాయిని ఒక్కసారైనా అడిగారా? మోటారుకు మామూలు పళ్లచక్రాలు తగిలిస్తే, మోటారు ఆగగానే బరువుకు తాడు చుట్టుకునే డ్రమ్ము వెనక్కి తిరిగి తాడు వదులైపోతుంది. అతను వర్మ్ గేరు, అంటే స్క్రూలా మరలున్న గేరు, పెట్టి ఉండాలి. వర్మ్ ఒక చుట్టు తిరిగితే ఎదుటి చక్రం ఒక్క పన్ను మేరకే జరుగుతుంది. అది 24 పళ్ల చక్రమైతే మోటారు 24 చుట్లు తిరిగాక గానీ డ్రమ్ము ఒక చుట్టు తిరగదు. వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. పైగా చక్రం వైపు నుంచి ఎంత లాగినా వర్మ్ కదలదు, కాబట్టి కొక్కెం జారదు. టార్కు (తిప్పే బలం) అనే మాటను తోటి పిల్లలు ఫిజిక్సు పుస్తకంలో చదువుకుంటుంటే మీ వాడు చేత్తో పట్టుకుని చూశాడు.

ఇంకొకటి. ఈ ముక్కల మీద ఒక బుడిపె నడిమి నుంచి పక్క బుడిపె నడిమికి 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. అంటే నిలువు కొలతా అడ్డం కొలతా కలవవు. నిలువు స్తంభానికి పక్కనుంచి బద్ద బిగించాలంటే రెండూ ఎక్కడ కలుస్తాయో వెతకాలి: ఐదు ఇటుకల ఎత్తు ఆరు బుడిపెల పొడవుతో సమానం, రెండూ 48 మిల్లీమీటర్లే. ఊగకుండా నిలబడే క్రేను కట్టినవాడు ఈ లెక్కను ఎవరూ చెప్పకుండానే పట్టుకుని ఉంటాడు. రెండు నెలలు ఒకే పని మీద కూర్చుని, పూర్తి చేసి, బయటి మనిషికి అమ్మి డబ్బు తెచ్చిన పిల్లవాడిని దారి తప్పాడని ఎలా అంటున్నారు? పరీక్షల ముందు ఆ పని ఆపించాలంటే పెట్టెలో పెట్టి తాళం వేస్తే సరిపోయేది. విప్పేయడం ఎందుకు? అబ్బాయికి క్షమాపణ చెప్పండి. తండ్రి కొడుకుకు క్షమాపణ చెబితే పరువు పోదు.

అబ్బాయి లెక్కలో పొరపాటు లేదని కాదు. 15,000లో 8,500 పోతే 6,500 మిగిలింది అనుకుంటున్నాడు. రోజుకు గంటన్నర చొప్పున రెండు నెలలంటే 90 గంటలు. గంటకు 72 రూపాయలు పడింది. రేపు మోటారు మొరాయిస్తే ఏజెంటు ఫోను చేస్తాడు. గాజువాక నుంచి పోర్టుకు బస్సులో వెళ్లి బాగుచేసి వచ్చే పూటకు ఎవరిస్తారు డబ్బు? కదలని బొమ్మను అమ్మితే అక్కడితో సరి. కదిలేదాన్ని అమ్మితే దాని వెంట మరమ్మతు కూడా వస్తుంది. బ్యాటరీలు తీయకుండా నెలల తరబడి వదిలేస్తే కారిపోయి పెట్టె లోపలి రేకులు తుప్పు పడతాయి. కొన్నవాడు దాన్ని తన తప్పు అనుకోడు.

ముక్కల ధర ఎందుకంత ఎక్కువో కూడా చూడండి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. పైగా పెట్టె కొంటే మనకు కావలసిన ముక్కలు అందులో కొన్నే ఉంటాయి. పసుపు బద్దలు నలభై కావాలంటే నాలుగైదు పెట్టెలు విప్పాలి, లేదా విదేశాల నుంచి విడిగా తెప్పించుకోవాలి. మూడు లక్షలు పెట్టినా ఎక్కువ భాగం వాడని ముక్కలై అటక మీదికి చేరుతుంది. ఇంకో చిక్కు, ఈ వ్యాపారం ఎవరో తయారుచేసే సరుకు మీద ఆధారపడింది. లెగో ముక్కలు చేసే డెన్మార్కు కంపెనీయే 1998లో తెచ్చిన మైండ్‌స్టార్మ్స్ అనే రోబో కిట్లను 2022తో ఆపేసింది. వాటినే నమ్ముకుని తరగతులు నడిపినవాళ్లు వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది.

చట్టం సంగతి క్లుప్తంగా. ఇటుక మీద 1958లో తీసుకున్న పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది, అందుకే అలాంటి ముక్కలు వేరే కంపెనీలూ చేస్తున్నాయి. పేరు, లోగో మాత్రం ఇప్పటికీ వాళ్లవే. మీ వాడు తన అంగడికి ఆ పేరు పెట్టుకోకూడదు. ఇక 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. హస్తకళాకారులుగా నమోదైనవారికి మినహాయింపు ఉంది, భౌగోళిక గుర్తింపు ఉన్న మన ఏటికొప్పాక లక్కబొమ్మల వంటివాటికీ ఉంది. మీ అబ్బాయికి లేదు. అందుకే అతను ఆఫీసుల్లో ప్రదర్శనకు పెట్టుకునే నమూనాలకే కట్టుబడాలి. పిల్లల పుట్టినరోజుకు చేసివ్వమని ఎవరైనా అడిగితే, ఆ ముద్ర ఇచ్చే బీఐఎస్ కార్యాలయంలో కనుక్కోకుండా ఒప్పుకోకూడదు.

ఇదంతా చదివి వ్యాపారమే వద్దంటున్నానని సంబరపడకండి. ఈ పనిలో మిగులు ముక్కల్లో లేదు, డిజైనులో ఉంది. స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నమూనా గీసుకుని, ఏ ముక్క తర్వాత ఏ ముక్క పెట్టాలో చూపే సూచనల పుస్తకాన్ని రీబ్రికబుల్ వంటి వెబ్‌సైట్లలో అమ్ముతున్నవాళ్లు ఉన్నారు. ఒకసారి గీస్తే ఎన్నిసార్లైనా అమ్మవచ్చు, ముక్కలు కొన్నవాడే కొనుక్కుంటాడు. అయితే అక్కడ ప్రపంచమంతటితో పోటీ. మన ఊళ్లో ఉన్న వీలు వేరు. ఓడరేవు, షిప్‌యార్డు, వాటి చుట్టూ అల్లుకున్న ఆఫీసులు. తాము రోజూ చూసే యంత్రం చిన్నదై బల్ల మీద కదులుతుంటే ముచ్చటపడేవాళ్లు ఇక్కడ ఉన్నట్టు ఇంకెక్కడా ఉండరు. మీతోపాటు విరమణ తీసుకున్నవాళ్లలోనే ఎవరైనా తాను పనిచేసిన ఈఓటీ క్రేను (షెడ్డులో తల మీదుగా కరెంటుతో నడిచే క్రేను) కావాలని అడిగినా ఆశ్చర్యం లేదు. అప్పుడు కొలతలు చెప్పాల్సింది మీరే. సగం సొమ్ము ముందే తీసుకుని, ఆ సొమ్ముతోనే ముక్కలు కొనాలి. పెట్టుబడి అంటే అంతే. మొన్నటి 15,000 అతనిది, దానితో ఎంతవరకు వెళ్లగలడో వెళ్లనివ్వండి. ఒక నోటుపుస్తకంలో ఖర్చుతోపాటు గంటలు కూడా రాసుకోమనండి. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకమే అతనికి నాకంటే బాగా చెబుతుంది.

ఇప్పుడు రోబోటిక్స్. దీనికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను, ఎందుకంటే మీ అబ్బాయి లాంటి పిల్లలను ఈ పేరే ఎక్కువగా లాగుతోంది. కాలేజీ కరపత్రం మీద మనిషి ఆకారంలో ఒక రోబో నిలబడి ఉంటుంది. లోపల పాఠ్యప్రణాళిక చూస్తే కొంత మెకానికల్, కొంత ఎలక్ట్రానిక్స్, కొంత ప్రోగ్రామింగ్. కలిపి నేర్పగల అధ్యాపకులు, పనిచేసే ప్రయోగశాల ఉన్నచోట అది మంచి చదువే, కాదనను. అలాంటి చోట్లు తక్కువ. మిగిలిన వాటిలో మూడు పాత్రల్లోని పాలూ ఒకే గిన్నెలో పోసి, సగం నీళ్లు కలిపిన చందం. గేరు పళ్లు ఎందుకు విరుగుతాయో పూర్తిగా తెలియదు, సర్క్యూటు గీయడం పూర్తిగా రాదు, ప్రోగ్రాము రాయడంలో సీఎస్‌ఈ వాళ్లతో పోటీ పడలేడు.

ఇంకా ఉంది. ఎంటెక్ సీట్లకు, కొన్ని ప్రభుత్వ రంగ ఉద్యోగాలకు రాసే గేట్ పరీక్షలో రోబోటిక్స్ పేరుతో పేపరే లేదు. ఆ బ్రాంచి విద్యార్థి మెకానికల్ పేపరో, మరొకటో రాయాలి. ప్రభుత్వ రంగ సంస్థల ప్రకటనల్లో అర్హత గడి ఒకసారి చదవండి. మెకానికల్, ఎలక్ట్రికల్ అనే పాత పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి. మీ వంటి ఇంట్లో ఆ తలుపు మూసుకోవడం మామూలు సంగతి కాదు. మెకానికల్ చదివి తర్వాత ఎంటెక్‌లో రోబోటిక్స్‌కు వెళ్లే దారి తెరిచే ఉంది. ముందే రోబోటిక్స్ చదివి వెనక్కి రావడమే కష్టం. అయినా చేరతానంటే కాలేజీకి అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. ప్రయోగశాల చూపించమనండి. అందులోని రోబో చెయ్యిని రెండో సంవత్సరం పిల్లలు తాకుతారా, లేక అది తనిఖీలకు వచ్చేవాళ్ల కోసం గాజు అద్దాల వెనక ఉందా అని పిల్లలనే అడగండి, అధ్యాపకులను కాదు. సెలవుల్లో నడిచే రోబోటిక్స్ శిక్షణలంటారా, వాటికి ఒక్క రూపాయి కట్టకండి. అక్కడ కిట్టుతోపాటు ఇచ్చిన బొమ్మ చూసి కట్టిస్తారు. మీ వాడు ఆ దశ దాటేశాడు.

సీఎస్‌ఈ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఇష్టపడి చదివేవాడికి మంచిది, తండ్రి కోసం చదివేవాడికి నాలుగేళ్ల శిక్ష. మీ ఉత్తరంలో అబ్బాయి కోడు రాశాడన్న మాట ఎక్కడా లేదు. పక్కింటి పిల్లల జీతాలు చూసి కోరుకుంటున్నారు, అంతే కదా?

నన్నడిగితే మెకానికల్. మీరే వింతగా చూస్తారని తెలుసు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువగా ఉండవచ్చు, అది దాచను. కానీ ఇష్టంగా చేసే పనికీ, చదువుకూ మధ్య గోడ లేని బ్రాంచి అతనికి ఇదే. యంత్రాల డిజైను, క్యాడ్ (కంప్యూటర్ మీద నమూనాలు గీయడం) తరగతుల్లో మొదటి రోజు నుంచే పక్కవాళ్లకు చెప్పగలిగే స్థితిలో ఉంటాడు. మన ఊళ్లోనే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ బీటెక్ ఉంది. ఓడల మీద ఆసక్తి ఉందేమో అడగండి, దానికి వేరే ప్రవేశ పరీక్ష ఉంటుంది. బొమ్మల డిజైనే జీవితం అనుకుంటే ఆ దారీ ఉంది. అహ్మదాబాద్‌లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ తన గాంధీనగర్ క్యాంపస్‌లో బొమ్మలు, ఆటల డిజైనును పీజీ కోర్సుగా నేర్పుతోంది. ఇంజినీరింగ్ పూర్తిచేసి అక్కడికి వెళ్లవచ్చు. ఇంటర్ తర్వాతే డిజైనుకు వెళ్లాలంటే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష ఉంది, ఏ గ్రూపు వాళ్లైనా రాయవచ్చు. కానీ దాని దరఖాస్తులు ముందు ఏడాది చివర్లోనే ముగిసిపోతాయి. ఈసారికి చాలా ఆలస్యమైంది.

ఇంత చెప్పినా మీ బెంగ తీరదని తెలుసు. ఒక్క విషయం చూసుకోండి. చదువు మానేస్తానన్నవాడు అదే నోటితో రోబోటిక్స్ అయితే చేరతానంటున్నాడు. అంటే చదువు మీద అతనికి విరక్తి లేదు, మీ సీఎస్‌ఈ మీద ఉంది. బేరం కుదిరే పిల్లవాడు. పరీక్షలు అయ్యేదాకా ముక్కలు ముట్టుకోనని అతను మాటిస్తే, పరీక్షలు అయిన మర్నాటి నుంచి తన గదిలోకి తొంగిచూడనని మీరు మాటివ్వండి. సంచిలోవి రంగుల వారీగా, కొలతల వారీగా ఏరి డబ్బాల్లో సర్దడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పుడు పక్కన కూర్చుని మీరూ ఏరండి. సన్నని ఇరుసులు విరగకుండా చూడండి, విడిగా దొరకడం కష్టం.

మీ శ్రీమతిగారి సందేహం మిగిలింది. బంధువులు అడిగితే అబ్బాయి ఇంజినీరింగులో చేరబోతున్నాడని చెప్పమనండి. క్రేను సంగతి ఎత్తితే అబ్బాయినే పిలవమనండి, ధర ఎంతో, ముందు ఎంత ఇవ్వాలో అతనే చెబుతాడు.