తీసేసినా పోని ప్రాసెస్‌లు: కేసు వేయవచ్చా?

ప్రశ్న: ఏడాది చందా కట్టి ఒక ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. దాన్ని తెరవకపోయినా, కంప్యూటర్ ఆన్ చేయగానే దాని ప్రాసెస్‌లు (తెర వెనుక నడిచే ప్రోగ్రామ్‌లు) ఐదారు నడుస్తున్నాయి. ఆపితే మళ్లీ లేస్తున్నాయి. విసిగిపోయి అన్‌ఇన్‌స్టాల్ చేశాను. అయినా రెండు మిగిలాయి. కంపెనీని అడిగితే "మీరు ఒప్పుకున్నారు కదా" అంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. అయితే కంప్యూటర్ నెమ్మదించిందన్న కోపంతో ఫిర్యాదు రాస్తే నిలవదు. అప్‌డేట్‌లు చూడటానికి, లైసెన్సు సరిచూడటానికి కొన్ని ప్రాసెస్‌లు కావాలని కంపెనీ సులువుగా చెప్పేస్తుంది. మీ బలమంతా మిగిలిపోయిన ఆ రెండింటిలో ఉంది.

యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్ మామూలు పనితీరును చేజిక్కించుకునే ప్రోగ్రామ్ చొప్పిస్తే, ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కింద పరిహారం అడగవచ్చు. అవతలివాళ్లు పట్టుకునేది 'అనుమతి' అన్న మాటనే. 'ఐ అగ్రీ' నొక్కారుగా అంటారు. (అదంతా చదివి నొక్కినవాళ్లను నేనింకా చూడలేదు, నాతో సహా.) వాడుకున్నన్నాళ్లూ ఆ వాదనకు కొంత విలువ ఉంది. తీసేశాక కూడా అనుమతి ఉందంటే ఎలా? మీరు అడగాల్సింది అదే. 66వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు జోలికి మాత్రం వెళ్లకండి, మోసపు ఉద్దేశం రుజువు చేయడం కష్టం.

మీకు దగ్గరి దారి జిల్లా వినియోగదారుల కమిషన్. చందా కట్టారు కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు వినియోగదారే. ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే ఇక్కడే చిక్కొచ్చేది. సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని రెండేళ్లలోపు వేయాలి. ఒప్పందంలోని షరతునే అన్యాయమని కొట్టేయించాలనుకుంటే జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు, రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. మీకు ఆ తిరుగుడు అనవసరం.

ఇక, ఆ రెండు ప్రాసెస్‌లనూ అప్పుడే తుడిచేయకండి. ఒకపక్క ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రామ్‌ల జాబితా, అందులో ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఉండదు. పక్కనే టాస్క్ మేనేజర్ (కంప్యూటర్‌లో ఏమేం నడుస్తున్నాయో చూపే విండో), అందులో దాని ప్రాసెస్‌లు. రెండూ ఒకే తెర మీద, తేదీతో సహా కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ప్రాసెస్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సంతకం చూడండి, కంపెనీ పేరు ఉంటే అదీ తీయండి. వాటితోపాటు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. మీ లాయరు రాసిపెడతారు, సంతకాలు మాత్రం మీరూ, ఒక నిపుణుడూ చేయాలి.

ముందు కంపెనీకి ఈమెయిల్‌లో నోటీసు పంపండి: పదిహేను రోజుల్లో వాటిని పూర్తిగా తొలగించాలి, మిగిలిన చందా వాపసు ఇవ్వాలి. గడువు దాటితే ఆ ఈమెయిల్ కాపీతోనే కమిషన్‌కు వెళ్లండి.