ఎం.ఎస్.డబ్ల్యూ. (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) చదువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ పూర్తిచేసింది. ప్రభుత్వ యూనివర్సిటీలో ఎం.ఎస్.డబ్ల్యూ. చేస్తానంటోంది. సైన్సు చదివిన పిల్లకు సీటు ఇస్తారా? ఏ కాలేజీ మంచిదో తెలుసుకునేదెలా?
– ఒక తండ్రి, నల్గొండ

ఇస్తారండి. ఏ డిగ్రీ చదివినా సరిపోతుంది. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. రెండింట్లోనూ వంద ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, 90 నిమిషాలు. సెంట్రల్ యూనివర్సిటీలకైతే సీయూఈటీ పీజీ. సైన్సు పిల్లలకు మొదటి సెమిస్టర్లో సోషియాలజీ పదాలు కొత్తగా ఉంటాయి. రెండు నెలలు ఓపిక పడితే అలవాటవుతాయి.

కాలేజీ విషయానికొస్తే, ఫీల్డ్ వర్క్ (బస్తీల్లో, సంస్థల్లో జనం మధ్య చేసే శిక్షణ) ఎలా నడుస్తోందో చూడండి. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి డిపార్ట్‌మెంటుకు వెళ్లి రెండో సంవత్సరం పిల్లలను కదపండి. వారానికి ఎన్ని రోజులు ఫీల్డుకు పంపుతున్నారు? చాలాచోట్ల పద్ధతి రెండు రోజులు. ఒక్కో అధ్యాపకుడి కింద ఎంతమంది ఉన్నారు? ఎనిమిది, పది మందైతే ఒక్కొక్కరిని కూర్చోబెట్టి రిపోర్టు మీద మాట్లాడగలరు. పాతికమందైతే సంతకం పెట్టి పంపడమే అవుతుంది. పోస్టులు ఖాళీగా ఉన్న డిపార్ట్‌మెంట్లలో మొదట దెబ్బతినేది ఇదే. పాఠాలు గెస్ట్ ఫ్యాకల్టీతో ఎలాగో గట్టెక్కుతాయి, ఫీల్డ్ వర్క్ సూపర్‌విజన్ గట్టెక్కదు.

ఖర్చు కూడా లెక్కేసుకోండి. సెమిస్టర్‌కు పదహారు వారాలు, వారానికి రెండు రోజులంటే 32 ప్రయాణాలు. అమ్మాయిలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు ఖర్చు లేదు. బస్సు దిగాక షేర్ ఆటోకు రోజుకు 40 రూపాయలైనా సెమిస్టర్‌కు 1,280. గ్రామీణ క్యాంపు ఖర్చు వేరే. ఇది ఫీజు రసీదులో కనబడదు.

ప్రశ్న: ప్రతి వారం నా ఫీల్డ్ వర్క్ రిపోర్టు 'మళ్లీ రాయండి' అని వెనక్కొస్తోంది. నాలుగు పేజీలు రాస్తున్నాను. తప్పెక్కడో అర్థం కావడం లేదు.
– ఎం.ఎస్.డబ్ల్యూ. మొదటి సంవత్సరం, వరంగల్

మీరు పంపిన పేజీ చదివాం. అందులో ఇలా ఉంది: 'ఈ రోజు బస్తీకి వెళ్లాను. ప్రజలతో మాట్లాడి వారి సమస్యలు తెలుసుకున్నాను. ప్రభుత్వ పథకాలపై అవగాహన కల్పించాను. వారు ఆనందం వ్యక్తం చేశారు.' ఇందులో ఒక్క మనిషీ లేదు. ఏ బస్తీకైనా, ఏ రోజుకైనా అతికించవచ్చు. అందుకే వెనక్కొస్తోంది.

అదే రోజును ఇలా రాసి ఉంటే చూడండి: '10.20కి ల. ఇంటికి వెళ్లాను. వయసు 42, ఇళ్లలో పని. భర్త 14 నెలల క్రితం ఇంట్లోనే చనిపోయారు. పింఛను కోసం రెండుసార్లు తిరిగారు. మరణ ధ్రువపత్రం లేదని పంపేశారు. చావును నమోదు చేయించాలని తనకెవరూ చెప్పలేదన్నారు. అత్తగారు లోపలికి రాగానే మాట ఆపేసి గిన్నెలు సర్దడం మొదలుపెట్టారు. నేను పింఛను గురించి నాలుగుసార్లు అడిగాను. ఇల్లెలా గడుస్తోందని ఒక్కసారీ అడగలేదు. మంగళవారం: అత్తగారు పనికి వెళ్లే వేళకు వెళ్లాలి, నమోదుకు ఏమేం కావాలో కనుక్కోవాలి.'

ఇది అరపేజీ కూడా లేదు. కానీ సూపర్‌వైజరుకు మాట్లాడటానికి మూడు విషయాలు దొరికాయి: ఆగిపోయిన కాగితం, అత్తగారు రాగానే ఆగిన మాట, మీరు అడగని ప్రశ్న. కళ్లతో చూసింది ఒక వాక్యంలో, దానికి మీరు చెప్పుకున్న అర్థం వేరే వాక్యంలో రాయండి. 'గిన్నెలు సర్దారు' చూసింది. 'అత్తగారంటే భయం' మీ ఊహ. రెండూ కలిపేస్తే ఊహే నిజమై కూర్చుంటుంది.

కాగితం సంగతి కూడా పూర్తిగా తెలుసుకుని రాయాలి. జనన మరణాల నమోదు చట్టం ప్రకారం చావును 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. 30 రోజుల వరకు ఆలస్య రుసుము కడితే చాలు. ఏడాది లోపైతే రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే, 2023 సవరణ తర్వాత, జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. మన దగ్గర అది సాధారణంగా ఆర్డీవో కార్యాలయం పని. ఈవిడకు 14 నెలలు దాటింది కాబట్టి పింఛను కౌంటర్ చుట్టూ మూడోసారి తిప్పినా ఫలితం ఉండదు. 'పథకాలపై అవగాహన' అని రాసిన విద్యార్థి ఇక్కడిదాకా రానే రాలేడు.

ఇంకో మాట. దరఖాస్తు మీరే పట్టుకుని తిరగకండి. ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లండి, కౌంటర్ దగ్గర ఆవిడనే అడగనివ్వండి, రసీదు ఆవిడ చేతిలోనే ఉండాలి. మీ సెమిస్టర్ ముగిసి ప్లేస్‌మెంట్ (ఫీల్డ్ వర్క్ చేసే చోటు) మారిన రోజున ఫైలు ఎక్కడుందో ఆవిడకు తెలియకపోతే, మీ మంచితనం వల్లే ఆవిడ మళ్లీ మొదటికొస్తుంది. ఇది ఏటా జరిగే తప్పు.

రిపోర్టు ఆ రాత్రే రాయండి. తెల్లారితే మనుషులన్న మాటలు పోయి మీ మాటలే మిగులుతాయి. అసలు పేర్లు రాయొద్దు, ఫైలంతా ఒకే గుర్తు వాడండి.

ప్రశ్న: ఫీల్డ్ వర్క్‌కు నన్ను పంపిన ఏజెన్సీలో (సంస్థలో) రెండు నెలలుగా ఎక్సెల్ ఎంట్రీలు, మీటింగుల్లో ఫొటోలు తీయడమే పని. ఎవరితో చెప్పాలి?
– విద్యార్థి, అనంతపురం

ముందు మీ ఫ్యాకల్టీ సూపర్‌వైజరుతో చెప్పండి. ఏజెన్సీ వాళ్లతో మీరే గొడవపడితే వచ్చే ఏడాది మీ జూనియర్లకు ఆ తలుపు మూసుకుంటుంది. గత ఎనిమిది ఫీల్డ్ రోజుల్లో ఏ పనికి ఎన్ని గంటలు పోయాయో ఒక పట్టిక వేసి తీసుకెళ్లండి. 'ఏమీ నేర్పడం లేదు' అంటే ఫిర్యాదుగా వినబడుతుంది, '52 గంటల్లో 44 గంటలు ఎంట్రీ' అంటే ఎవరూ తోసిపుచ్చలేరు. కొత్తగా చేరేవాళ్లు మొదటి రెండు వారాల్లోనే సెమిస్టర్‌కు ఎన్ని కేసులు, ఏ గ్రూపు, ఎన్ని సమావేశాలో కాగితం మీద రాసుకుని విద్యార్థి, ఫ్యాకల్టీ సూపర్‌వైజరు, ఏజెన్సీ ముగ్గురూ సంతకాలు పెట్టుకుంటే ఈ పరిస్థితి చాలావరకు రాదు.

ప్రశ్న: హాస్టల్ పిల్లలతో గ్రూప్ వర్క్ చేస్తుండగా ఒక పాప నన్ను పక్కకు పిలిచి లైంగిక వేధింపు గురించి చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది. మీటింగ్ పెట్టి చూద్దాం, ఆగమని ఏజెన్సీ అంటోంది.
– పేరు వద్దన్నారు

ఆగకండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, తెలిసిన ఎవరైనా స్థానిక పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు యూనిట్‌కు గానీ చెప్పి తీరాలి. విద్యార్థి అన్న మినహాయింపు లేదు, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. మంచి ఉద్దేశంతో చెప్పినవారికి చట్టం రక్షణా ఇచ్చింది. ఈ రోజే ఫ్యాకల్టీ సూపర్‌వైజరుకు ఫోన్ చేసి, వారితో కలిసి ఫిర్యాదు ఇవ్వండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పవచ్చు.

పాపను మళ్లీ మళ్లీ అడగకండి. వివరాలు రాబట్టడం మీ పని కాదు. పాప అన్న మాటలను అన్నట్టే, సమయంతో సహా రాసి పెట్టుకోండి. వాంగ్మూలం పాప ఇంటి దగ్గర గానీ తను కోరుకున్న చోట గానీ తీసుకోవాలనీ, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలనీ చట్టంలోనే ఉంది. గ్రూప్ వర్క్ రికార్డులో ఈ సంగతి రాయొద్దు, ఆ రికార్డు చాలా చేతులు మారుతుంది.

ఎవరికీ చెప్పొద్దన్న పాపకు నిజం చెప్పండి: 'నిన్ను కాపాడగలిగిన వాళ్లకు మాత్రమే చెబుతాను, ఎవరికి చెబుతున్నానో నీకు ముందే చెబుతాను.' ఇకముందు ఏ పిల్లలతోనైనా, మొదటి సమావేశంలోనే ఈ హద్దు చెప్పండి. 'ఎవరికీ చెప్పను' అన్న మాట ఎప్పుడూ ఇవ్వకండి.

ప్రశ్న: ఎం.ఎస్.డబ్ల్యూ.లో మెడికల్ అండ్ సైకియాట్రిక్ స్పెషలైజేషన్ చేస్తే సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అయినట్టేనా?
– విద్యార్థిని, తిరుపతి

కాదమ్మా. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 నిర్వచనంలో సోషల్ వర్క్ పీజీతో పాటు, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ ఉన్న రెండేళ్ల రెగ్యులర్ సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్. గానీ, నియమాల్లో గుర్తించిన అర్హత గానీ అడిగారు. స్పెషలైజేషన్‌తో ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్, కౌన్సెలర్ ఉద్యోగాలకు వెళ్లవచ్చు. అవయవ మార్పిడి కోఆర్డినేటర్ పోస్టుకు 2014 నియమాలు సోషల్ వర్క్ పీజీకి ప్రాధాన్యం ఇచ్చాయి. మానసిక వైద్యం వైపే వెళ్లాలనుకుంటే చివరి సెమిస్టర్ బ్లాక్ ప్లేస్‌మెంట్‌ను (ఒకే చోట వరుసగా చేసే ఫీల్డ్ వర్క్‌ను) మానసిక వైద్య విభాగంలో అడిగి వేయించుకోండి. ఆ వార్డుల్లో సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి మూడో సెమిస్టర్‌లోనే ఉత్తరం పెట్టించండి.