నీటి అడవిలో బాతుల వేట

ప్రశ్న: అమెరికాలోని ఆర్కన్సాలో ఉంటున్న మా అబ్బాయి, వరదనీళ్లు నిలిచిన అడవిలో బాతుల వేటకు మొదటిసారి వెళ్తానంటున్నాడు. ఏమేం చూసుకోవాలి?
– ఒక తల్లి, అన్నానగర్, చెన్నై

జవాబు: మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇది నేరమమ్మా. అక్కడ వేట లైసెన్సు, ఫెడరల్ డక్ స్టాంపు (బాతుల వేటకు అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అనుమతి స్టాంపు) తప్పనిసరి. సీసం గుళ్లు నిషిద్ధం, ఉక్కులాంటి విషం లేనివి వాడాలి. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకూడదు.

అసలు ప్రమాదం చలినీళ్లతోనే. ఛాతీదాకా వచ్చే వేడర్ల (నీళ్లలో దిగడానికి వేసుకునే, తడి చొరని బూట్లతో కూడిన ప్యాంటు) మీద నడుముకు బెల్టు గట్టిగా బిగించమనండి; పడితే నీళ్లు లోపలికి అంత త్వరగా చేరవు. నీటి కింద మొద్దులుంటాయి, పాత కాలువలు ఉన్నట్టుండి లోతవుతాయి. అందుకే ముందు కర్రతో తడిమి, తర్వాతే అడుగు వేయాలి.

మానుకు ఆనుకుని, నీడ వైపు నిలబడాలి. బాతులు పైన చుట్లు తిరుగుతుంటే తల ఎత్తి చూడాలనిపిస్తుంది. ముఖం మెరిసి అవి బెదిరిపోతాయి. గాలి లేని రోజు కాలితో నీళ్లు కదిపితే ఎరగా నీటిపై వదిలిన డమ్మీ బాతుల చుట్టూ అలలు లేచి, అవి నిజమైనవే అనిపిస్తాయి. కొమ్మలు దాటి కిందికి, ఇరవై పాతిక గజాల్లోకి వచ్చాకే కాల్చాలి. ఎత్తులో కాలిస్తే గాయపడ్డ పిట్ట చెట్ల మధ్య దొరక్కుండా పోతుంది, అది పాపం.

తోటివాళ్లు ఏ చెట్టు దగ్గరున్నారో ముందే తెలుసుకోమనండి. నీటి మట్టానికి సమాంతరంగా, కిందికి అసలు కాల్చొద్దు.