అవే వేళ్ళు, వేరే స్వరం

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. మా తాతగారు పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ ఊదేవారు. ఆయన పోయాక అటకెక్కిన వాయిద్యాన్ని ఈమధ్యే దించాను. నాకు వేణువు కొంచెం వచ్చు. కింది స్థాయి ఏదోలా పలుకుతోంది. వెనక బొటనవేలి కీ నొక్కితే పై స్థాయి వస్తుందన్నారు. అవే వేళ్ళు ఉంచి నొక్కితే ‘స’ బదులు ఇంకేదో వస్తోంది, మధ్యలో కీచుమంటోంది. వాయిద్యం పాడైందా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలెయ్ నాయనా. కీ బాగానే ఉంది. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని విను, నీకు వచ్చింది పై స్థాయి పంచమం. కింద ‘స’కి వేసిన వేళ్ళే పైన ‘ప’ పలుకుతాయి. క్లారినెట్ తత్వమే అది.

వేణువు గొట్టం రెండు కొసలా తెరిచినట్టే లెక్క. ఊపిరి బిగిస్తే ‘స’ మీంచి పై ‘స’కి వెళ్తుంది. సన్నాయికి రీడ్ (ఊదితే అదిరే పీక) ఉన్నా గొట్టం కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి అదీ అంతే. క్లారినెట్ గొట్టం లోపల చాలామేర ఒకటే లావు, రీడ్ వైపు మూసినట్టే ఉంటుంది. అలాంటి గొట్టంలో కంపనం రెండింతలవ్వదు, ఏకంగా మూడింతలకి ఎగురుతుంది. రెండింతలైతే పై ‘స’, మూడింతలైతే పై ‘ప’. అందుకే వేణువు నేర్చినవాళ్ళు దీన్ని పట్టుకుంటే కింది స్థాయికి ఒక వరస, పై స్థాయికి ఇంకో వరస వేళ్ళు నేర్చుకోక తప్పదు.

ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. ఎడమ బొటనవేలు వెనక చిల్లు మీద. రెండు చేతుల చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు ముందు చిల్లుల మీద. అన్నీ మూస్తే ‘స’ అనుకో. మామూలు బి-ఫ్లాట్ క్లారినెట్ అయితే శ్రుతిపెట్టె నాలుగు శ్రుతిలో పెట్టు, సరిపోతుంది. కుడి ఉంగరపు వేలు లేపితే ‘రి’. ‘గ’ దగ్గర ఆగు. కుడి చూపుడు వేలు లేపి మధ్యవేలు ఒక్కటే ఉంచాలి. వేణువు అలవాటు కొద్దీ చూపుడు వేలు ఉంచి మధ్యవేలు లేపావా, సాధారణ గాంధారం, అంటే మనకి కావలసిన దానికన్నా అర మెట్టు కిందున్న ‘గ’, వస్తుంది. కుడి చెయ్యంతా లేపితే ‘మ’. ఎడమ ఉంగరపు వేలు లేపితే ‘ప’, మధ్యవేలూ లేపితే ‘ధ’. ‘ని’కి చూపుడు వేలు ఉంచి వెనక బొటనవేలు తియ్యి. అన్నీ వదిలేస్తే పై ‘స’. ఇది శంకరాభరణ రాగం. మాయామాళవగౌళ రాగానికి పక్క కీలు కూడా కావాలి, దాని జోలికి ఇప్పుడే పోకు.

అసలు కష్టం పై ‘స’ దాటాకే. ‘రి’కి ఎడమ చూపుడు వేలి పక్కతో పై కీ తాకితే చాలు. ‘గ’కి మాత్రం ఖాళీ చేతుల నుంచి ఒక్కసారిగా అన్ని చిల్లులూ మూసి, చిటికెన వేలితో అన్నిటికన్నా కింది స్వరపు కీ నొక్కి, బొటనవేలి కీ కూడా తెరవాలి. దీనికో ఉపాయం ఉంది. ‘రి’ ఊదుతున్నప్పుడే కుడిచేతి మూడు వేళ్ళూ మూసి ఉంచు. స్వరం చెడదు, సగం పని ముందే అయిపోతుంది. బొటనవేలిని చిల్లు మీంచి ఎత్తకుండా కొస వంచి కీ తాకించు.

ఇక కీచు. వేలి కొసతో కాదు, మెత్తటి భాగంతో మూయాలి. కాసేపు పట్టుకుని వేళ్ళు చూసుకో, గుండ్రటి అచ్చు నిండుగా పడాలి. సగమే పడిన వేలి కింద గాలి పోతోందన్నమాట. సాధారణంగా దొంగ ఉంగరపు వేలే. ఈ పరీక్ష నేర్చుకునేటప్పుడే. విజయనగరంలో పైడితల్లి పండగనాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో ఊదేవాడికి వేళ్ళు చూసుకునే తీరికెక్కడిది?

అటక మీద ఉన్నది కదా, కీల కింద చిల్లులు మూసే మెత్తటి ప్యాడ్లు ఎండిపోయి ఉండొచ్చు. పై ముక్క విడదీసి, చిల్లులన్నీ మూసి, కింది కొసకి అరచెయ్యి అడ్డుపెట్టి గాలి పీల్చు. పట్టు నిలవకపోతే ప్యాడ్లు మార్పించాలి. ఎక్కడన్నది మీ తాతగారి మేళంలోవాళ్ళకి తెలుస్తుంది, వెళ్ళి అడుగు. కొత్తగా రీడ్ కొంటే రెండో నంబరు చాలు. మూడో నంబరు కొని బుగ్గలు నొప్పి పుట్టించుకోకు.

కింది ముక్క మీద చిల్లుల చుట్టూ మూడు రింగులు ఉన్నాయా, రెండేనా? నేను చెప్పింది 1840 ప్రాంతంలో పారిస్‌లో తయారైన బోమ్ పద్ధతి కీల అమరిక, దానికి మూడు ఉంటాయి. పాత బ్యాండ్లలో ఆల్బర్ట్ పద్ధతి అనే ఇంకో అమరికవీ ఉండేవి. రెండే ఉంటే కుడిచేతి లెక్క మారుతుంది, మళ్ళీ ఉత్తరం రాయి.

బ్యాండు వాయిద్యమని ఎవరైనా వెక్కిరిస్తే ఏ.కె.సి. నటరాజన్ గారి పేరు చెప్పు. దాని మీద కర్ణాటక కచేరీలు చేసి 2022లో పద్మశ్రీ అందుకున్నారాయన.

ప్రశ్న: మా బాబుకి పదేళ్ళు, సన్నాయి నేర్చుకుంటానంటున్నాడు. వేళ్ళు అందుతాయా?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: పెద్ద సన్నాయికి అందవమ్మా, చిల్లులు దూరం దూరంగా ఉంటాయి. ముందు ముఖవీణ ఇప్పించండి. అదీ రెల్లు పీకతో ఊదేదే, చిన్నది. వేళ్ళు సాగాక పెద్దది పట్టుకోవచ్చు. మీ ఊళ్ళోనే 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉంది, సన్నాయి, డోలు రెండూ నేర్పుతారు. బాబుని ఎప్పుడు చేర్చుకుంటారో అక్కడే అడగండి.