అరుపులు తప్ప ఏమీ వినిపించకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?

హెవీ మెటల్ సంగీతంలోని రెండు శైలులు, బ్లాక్ మెటల్, డూమ్ మెటల్ కలిసిన నెమ్మదైన ఆల్బమ్ ఒకటి చెప్పమని అడిగారు. ఇప్పటిదాకా విన్నవాటిలో అరుపులు తప్ప ఏమీ వినిపించలేదని కూడా అన్నారు. నాకూ మొదట్లో అచ్చం అలాగే ఉండేది. అందుకే పెద్ద జాబితా ఇవ్వను, నాకు దారి చూపించిన ఒక్క ఆల్బమ్ గురించే చెబుతాను. స్వీడన్ బ్యాండ్ కాటటోనియా 1993లో తెచ్చిన ‘డాన్స్ ఆఫ్ డిసెంబర్ సోల్స్’.

నేను ఎమ్మెస్ చేసింది స్వీడన్ దక్షిణాన ఉన్న కార్ల్‌స్క్రోనాలో. అక్కడ మన తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకల్లా చీకటి పడుతుంది. ప్రాజెక్టులో నాతో ఉన్న స్వీడిష్ కుర్రాడు ఒకరోజు ఈ ఆల్బమ్ వినమన్నాడు. సాయంత్రం వంటింట్లో పప్పు పొయ్యి మీద పెట్టి ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. పక్క గదిలోంచి రూమ్మేట్ వచ్చి, “ఏంట్రా, ఎవరికైనా ఒంట్లో బాలేదా?” అన్నాడు. రెండో పాట సగంలో ఆపేశాను. మంచుదేశంలో, చీకట్లో వింటే ఈ సంగీతం దానంతటదే అర్థమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఆ మరుసటి ఏడాది మా నాన్నమ్మ పోతే ఇంటికొచ్చాను. మా పెద్దత్త శోకండాలు పెడుతోంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే అయినా, నిజంగా చెవిపెట్టి విన్నది ఆ రోజే. “అమ్మా” అన్న మాటను పైన ఎక్కడో అందుకుని, జారుస్తూ జారుస్తూ కిందికి దించుతోంది. మధ్యలో ఠక్కున ఆగి, “వచ్చినవాళ్ళకి కాఫీలు ఇచ్చారా?” అని అడిగి, మళ్ళీ వదిలిన చోటే, అదే శ్రుతిలో అందుకుంది. మాటలు సగం అర్థం కావు. అవసరమూ లేదు.

తిరుగు ప్రయాణంలో విమానంలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఆల్బమ్ మళ్ళీ విన్నాను. గాయకుడు యోనాస్ రెంక్సే గొంతు ఈసారి కోపంలా వినిపించలేదు, శోకండంలా వినిపించింది. చాలా బ్లాక్ మెటల్ గొంతులు ఎదుటివాడి మీదికి వస్తాయి. ఇతను మాత్రం తనలో తను కుమిలిపోతాడు. ఆల్బమ్ వచ్చేనాటికి అతనికి, గిటారిస్ట్ ఆండర్స్ నీస్ట్రోమ్‌కి 18 ఏళ్ళే. పాడుతున్నదీ, డ్రమ్స్ వాయిస్తున్నదీ రెంక్సేనే. ఆ తర్వాత అతని గొంతు అలా అరవడానికి సహకరించలేదు. అందుకే 1996లో వచ్చిన ‘బ్రేవ్ మర్డర్ డే’లో అరుపుల భాగం ఓపెత్ బ్యాండ్ మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ పాడాడు. ఇది తెలిశాక మొదటి ఆల్బమ్ వింటుంటే నాకు కొంచెం భయమేస్తుంది కూడా, గొంతు చిరిగిపోతున్నా ఆపలేదే అని.

ఇక రెండు శైలులు ఎక్కడ కలిశాయంటే, బ్లాక్ మెటల్‌లో సాధారణంగా డ్రమ్స్ ఉరుకుతాయి, గిటార్ పిక్ ఒకే తీగ మీద గబగబా ఆడుతుంది. డూమ్‌ది బరువైన, ఈడ్పు నడక, 1970లో బ్లాక్ సబ్బత్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ నుంచీ వస్తున్నది. ఇక్కడ నడక డూమ్‌ది, గొంతు బ్లాక్ మెటల్‌ది. కర్ణాటక సంగీత కచేరీలు వినే అలవాటుంటే చౌకకాలం, అంటే బాగా నెమ్మదైన నడక, గుర్తు తెచ్చుకోండి: తాళం దెబ్బకీ దెబ్బకీ మధ్య బోలెడు ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలోనే అసలు పని జరుగుతుంది. ఈ ఆల్బమ్‌లో ఆ ఖాళీని నింపేది పైస్థాయిలో వినిపించే లీడ్ గిటార్. కాబట్టి మొదటిసారి గొంతును వదిలేయండి, ఆ ఒక్క గిటార్ వెంట నడవండి. అది కూనిరాగం తీయడానికి వీలైనంత తేలిక రాగం. రెండోసారి వింటే గొంతు దానంతటదే సర్దుకుంటుంది.

లోపాలు లేవని అనను. డాన్ స్వానో ప్రొడ్యూస్ చేశాడు, కీబోర్డ్ కూడా తనే. ఆ కీబోర్డ్ కొన్నిచోట్ల మన టీవీ సీరియల్‌లో అత్తగారు మెట్లు దిగేటప్పుడు వచ్చే మ్యూజిక్‌లా ఉంటుంది. సౌండ్ కూడా ఇప్పటి రికార్డింగుల ముందు పలచన. నాకు అలవాటైపోయింది, మీకు కాకపోవచ్చు.

ఇందులో మొదట ‘గేట్‌వేస్ ఆఫ్ బిరీవ్‌మెంట్’ పాట వినండి. నచ్చితే ‘వెల్వెట్ థార్న్స్’కి వెళ్ళండి. అది దాదాపు 14 నిమిషాలు, వంట చేస్తూ వినేది కాదు. ఆ గొంతు ఎంతకీ పడకపోతే అదే బ్యాండ్ 1998 ఆల్బమ్ ‘డిస్కరేజ్డ్ వన్స్’ పెట్టుకోండి, అందులో రెంక్సే మామూలుగా పాడతాడు. అక్కడి నుంచి వెనక్కి రావడం సులువు. డెన్మార్క్ నుంచి ఒక్కడే నడిపే నార్ట్ అనే బ్యాండ్ పేరు కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. అది ఇంతకంటే చాలా నెమ్మది, దాదాపు కదలదు. ఇది నచ్చిన ఓ ఆర్నెల్ల తర్వాత చూడండి.