వంటింటి ప్రశ్నలు: పాప్‌కార్న్ ష్రింప్ పిండి ఎందుకు ఊడుతుంది?

ప్రశ్న: మా వైపు చెరువుల్లో పెంచే వెనామీ రొయ్యలు అమెరికాకు పోతాయి గదా. వాళ్లు చేసుకునే పాప్‌కార్న్ ష్రింప్ (పిండి పట్టించి నూనెలో వేయించే చిన్న రొయ్యలు) ఇంట్లో చేస్తే పిండి నూనెలో ఊడిపోతోంది, రొయ్య రబ్బరులా సాగుతోంది. పసుపు, ఉప్పు వేసి నీరు ఇగిరేదాకా ఉడికించాకే పిండిలో దొర్లిస్తున్నానండీ. – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ముందుగా ఉడికించడమే చిక్కు. ఇగురుకూ వేపుడుకూ ఆ పద్ధతి బాగుంటుంది. దీనికి మాత్రం పచ్చి రొయ్యే కావాలి. ఒకసారి ఉడికి బిగుసుకున్నది మళ్లీ నూనెలో పడితే ఉన్న కాస్త తడీ పోతుంది.

చిన్న రొయ్యలు వలిచి, నల్ల నరం తీసి, అర కిలో తీసుకోండి. కడిగాక పొడిగుడ్డతో బాగా అద్దండి. అమెరికా వాళ్ల బటర్‌మిల్క్ మన మజ్జిగకంటే చిక్కన, కాబట్టి కప్పు పెరుగులో పావు కప్పు నీళ్లు, అర టీస్పూను ఉప్పు గిలక్కొట్టి రొయ్యల్ని 20 నిమిషాలు నానబెట్టండి. నిమ్మరసం పట్టించి గంటలకొద్దీ ఉంచొద్దు, పులుపుకు కండ పైన గట్టిపడుతుంది.

కప్పు మైదా, పావు కప్పు కార్న్‌ఫ్లోర్, టీస్పూను కారం, అర టీస్పూను మిరియాల పొడి, అర టీస్పూను ఉప్పు కలపండి. రొయ్యను పెరుగులోంచి తీసి, విదిలించి, పిండిలో వేసి గట్టిగా నొక్కండి. తర్వాత పళ్లెంలో పరిచి 10 నిమిషాలు వదిలేయండి. ఈ పది నిమిషాలే చాలామంది ఎగ్గొట్టేది. పిండి తడి పీల్చుకుని రొయ్యను పట్టుకునేది అప్పుడే.

నూనె 180 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. చెక్క గరిట కాడ ముంచితే చుట్టూ బుడగలు జోరుగా రావాలి. గుప్పెడేసి మాత్రమే వేయండి, ఒకేసారి కుమ్మరిస్తే నూనె చల్లబడి పిండి నాని ఊడుతుంది. రెండు నిమిషాలు చాలు. రొయ్య కొంచెం వంగితే దించేయాలి, గుండ్రంగా చుట్టుకుపోయిందంటే ఎక్కువైనట్టే.

నంజుకునే సాసులో అక్కడ హార్స్‌రాడిష్ అనే ఘాటైన దుంప వేస్తారు. మనకు ఆవపిండి చక్కగా సరిపోతుంది, రెంటి ఘాటూ ఒకే జాతిది. టీస్పూను ఆవపిండిని చన్నీళ్లలో కలిపి 10 నిమిషాలు ఉంచాకే అర కప్పు కెచప్, నిమ్మరసం చేర్చండి. వేడినీళ్లు పోసినా, పులుపు ముందే కలిపినా ఘాటు పుట్టదు.

ప్రశ్న: అమెరికా కేకు కొలతలు మన ఓవెన్‌కు ఎలా మార్చుకోవాలి? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: 350 డిగ్రీలని ఉంటే అది ఫారెన్‌హీట్, మన ఓవెన్‌లో 175 నుంచి 180 పెట్టండి. కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. మైదాను చెంచాతో వదులుగా నింపితే కప్పుకు 120–125 గ్రాములు. కూరి నింపితే 150 దాకా పోయి కేకు ఎండిపోతుంది, అందుకే తూకమే నమ్మకం. ‘స్టిక్’ వెన్న 113 గ్రాములు. ఉప్పు వెన్నే దొరికితే పిండిలో ఉప్పు మానేయండి.